ఒక్క రోజులో రోమన్ శిథిలాలు అర్థమయ్యేలా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: ఒక సెమిస్టర్ చదువు కోసం రోమ్ వచ్చాను. కలోసియం, పాత రోమ్ నగర కూడలి అయిన ఫోరం చూశాను గానీ విరిగిన స్తంభాలు తప్ప ఏమీ అర్థం కాలేదు. ఇంకో రోజు ఖాళీ దొరికింది. ఎక్కడికి వెళ్లాలి, ఎలా చూడాలి?

జవాబు:

ఓస్తియా అంతికాకు వెళ్లండి. ఫోరంలో ఏమీ అర్థం కాకపోవడం మీ తప్పు కాదు. అక్కడ వెయ్యేళ్లపాటు కట్టుకుంటూ పోయిన కట్టడాలు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నాయి, పైగా పాలరాయిని తర్వాతి కాలాలవాళ్లు ఊడదీసుకుపోయారు. ఓస్తియా సంగతి వేరు. అది తైబర్ నది సముద్రంలో కలిసే చోట వెలసిన రోమ్ రేవు పట్నం. పాంపేలో లాగా ఏ అగ్నిపర్వతమూ పేలలేదు. రేవు పూడి, వ్యాపారం పడిపోయి, మలేరియా పెరిగి, జనం కొన్ని తరాలపాటు మెల్లగా ఖాళీ చేసి పోయారు. అందుకే అక్కడ కొట్లు, అద్దె ఇళ్లు, పిండిమరలు, మరుగుదొడ్లు మిగిలాయి. చక్రవర్తుల గొప్పల కంటే ఇవే త్వరగా అర్థమవుతాయి.

ప్రయాణం తేలిక. మెట్రో బి లైన్‌లో పిరమిదే స్టేషన్‌లో దిగితే పక్కనే పోర్తా సాన్ పావొలో స్టేషన్ ఉంటుంది. అక్కడ లిడో వైపు వెళ్లే రైలెక్కితే సుమారు అరగంట. నగరంలో వాడే 100 నిమిషాల మామూలు టికెట్టే చెల్లుతుంది. ‘లిడో’ అని పేరున్న స్టేషన్లలో దిగకండి, అవి బీచ్‌కి. ఓస్తియా అంతికాలో దిగి, రోడ్డు మీది కాలిబాట వంతెన దాటి నేరుగా నడిస్తే పది నిమిషాల లోపే గేటు.

రోజు ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. సోమవారం మూసేస్తారు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, జనం కూడా ఆ లెక్కలోనే ఉంటారు. శుక్రవారం పెట్టుకుంటే ముందు రోజు ‘షొపెరొ’ అనే మాట వెతికి చూడండి. అంటే సమ్మె. రోమ్ రవాణా సమ్మెలు తరచు శుక్రవారాలే పడతాయి. సమ్మె రోజు ఉదయం 8:30 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా మాత్రమే రైళ్లకు హామీ ఉంటుంది.

టికెట్ విషయంలో ఒక మెలిక. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకిచ్చే రెండు యూరోల రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకు. భారతీయ పాస్‌పోర్టుతో, నివాస పర్మిట్ చూపించి అడిగితే కౌంటర్లో వాదన తప్ప లాభం లేదు. కానీ మీది ఆర్కిటెక్చర్, పురావస్తు శాస్త్రం, వారసత్వ పరిరక్షణ లాంటి కోర్సు అయి, యూరోపియన్ యూనియన్ విశ్వవిద్యాలయంలో నమోదై ఉంటే ప్రవేశం పూర్తిగా ఉచితం. ఐడీ కార్డు ఒక్కటే చూపిస్తే తిప్పి పంపే అవకాశం ఉంది. ఈ విద్యా సంవత్సరానికి నమోదైనట్టు సర్టిఫికెట్ కాగితం మీద ప్రింట్ తీసుకెళ్లండి.

తెరిచే వేళకే చేరండి. మూసే వేళ కాలాన్ని బట్టి మారుతుంది, చలికాలంలో బాగా ముందే. లోపల ముఖ్య వీధి పేరు దెకుమానుస్ మాక్సిముస్. కిలోమీటరు పైనే పొడవు. గేటు దగ్గరి నుంచే ప్రతి గోడ దగ్గరా ఆగుతూ పోతే సగం ఊరు చూసేసరికి ఎండ నడినెత్తికొస్తుంది, ఓపిక అయిపోతుంది. దీన్ని తిరగేయండి. చల్లపూట ఎక్కడా ఆగకుండా పడమటి చివరి పోర్తా మరీనా ద్వారం దాకా నడిచి, దాని అవతలి యూదుల ప్రార్థనా మందిరం చూడండి. విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే 1961లో బయటపడింది. రాతి మీద ఏడు కొమ్మల దీపస్తంభం చెక్కి ఉంటుంది. అప్పట్లో అది సముద్రపు ఒడ్డు. నది తెచ్చిన ఒండ్రు వల్ల ఇప్పుడు సముద్రం మూడు కిలోమీటర్ల దూరానికి జరిగింది. ఇక అక్కడి నుంచి చూసుకుంటూ వెనక్కి రండి.

చూడటం గడపలతో మొదలుపెట్టండి. వీధి పొడవునా వెడల్పాటి రాతి గడపలుంటాయి. గడప పొడవులో చాలా భాగం ఒక సన్నటి గాడి, ఒక చివర మాత్రం గాడి ఆగిపోయి చిన్న గుంట కనిపిస్తుంది. మన పాత బజార్లలో కిరాణా కొట్టువాళ్లు చెక్క పలకల్ని ఒక్కొక్కటే గాడిలో నిలబెట్టి మూసేవాళ్లు చూడండి, అచ్చం అదే పద్ధతి. పలకలన్నీ పెట్టాక చివర మిగిలే తలుపు తిరిగే చోటు ఆ గుంట. గాడి ఉన్న గడప కొట్టుది. ఇది ఒకసారి పట్టుబడితే ఏది కొట్టో ఏది ఇల్లో బోర్డు చదవకుండానే తెలుస్తుంది.

తర్వాత గోడలు. ఓస్తియా గోడ లోపలంతా సున్నం, అగ్నిపర్వతపు బూడిద మట్టి, రాళ్ల ముక్కలు కలిపిన కాంక్రీటు. ఇటుక పైముఖానికే. విరిగిన చోట పక్క నుంచి చూడండి, చాలా ఇటుకలు త్రికోణాలు. మొన లోపలికి, వెడల్పాటి అంచు బయటికి. మొన కాంక్రీటులోకి దిగి పట్టు ఇస్తుంది. చిన్న చదరపు రాళ్లు ఏటవాలుగా వలలాగా పేర్చి ఉంటే పాత పద్ధతి. ఆ వల చుట్టూ ఇటుక పట్టీలు కనిపిస్తే ఎక్కువగా హాడ్రియన్ చక్రవర్తి కాలం దగ్గరది, అంటే క్రీ.శ. 2వ శతాబ్దం మొదటి సగం. ఒక వరస ఇటుక, ఒక వరస రాయి అలా మారుతూ ఉంటే చాలా తర్వాతిది.

కాలం ఇంకాస్త దగ్గరగా పట్టాలంటే టేపు కావాలి. ఐదు వరసల ఇటుకల్ని, వాటితో పాటు ఐదు సున్నపు పొరల్ని కలిపి ఎత్తు కొలిచి రాసుకోండి. పురావస్తువాళ్లు వాడే కొలత ఇదే. ఊరి మంచి రోజుల్లో సున్నం పొర సన్నం, చివరి శతాబ్దాల్లో దాదాపు ఇటుకంత మందం. ఫొటో తీసేటప్పుడు గోడకు ఆనించి ఒక యూరో నాణెం పట్టుకోండి. దాని వ్యాసం 23.25 మిల్లీమీటర్లు, ఇంటికొచ్చాక అదే మీ కొలబద్ద. పైవరసల్ని మాత్రం కొలవకండి. 1938 నుంచి 1942 దాకా జరిగిన పెద్ద తవ్వకాల కాలంలో చాలా గోడల్ని మళ్లీ పేర్చారు. మోకాలి ఎత్తు నుంచి నడుము దాకా ఉన్నదాన్ని నమ్మడం మేలు.

తప్పకుండా చూడాల్సినవి నాలుగు. సిల్వానుస్ పిండిమరలో గంట ఆకారపు నల్లరాతి తిరగళ్లు. గానుగెద్దులా గాడిద చుట్టూ తిరిగేది. డయానా ఇంటి వీధిలో తెర్మోపోలియం, అంటే హోటలు: రాతి కౌంటరు, గోడ మీద తినుబండారాల బొమ్మలు, బయట కూర్చోవడానికి అరుగులు. వరసగా రంధ్రాలున్న పాలరాతి బల్లల మరుగుదొడ్డి. నాలుగోది నాటకశాల వెనక వర్తకుల చౌకం, దీనికి గంట కేటాయించండి. చుట్టూ ఓడ వ్యాపారుల గదులు, గది ముందు నేల మీద నలుపు తెలుపు మొజాయిక్‌లో ఊరి పేరు. ఏనుగు బొమ్మ ఉన్నది ఇప్పటి లిబియాలోని సబ్రాతావాళ్లది. కార్తేజ్, అలెగ్జాండ్రియా, సార్డీనియా రేవుల పేర్లూ దొరుకుతాయి.

నాగార్జునకొండలోనూ, నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలోనూ దొరికిన రోమన్ నాణేల గురించి విన్నవాళ్లు ఇక్కడ మన దేశం పేరు కోసం వెతుకుతారు. ఉండదు. మన సరుకు ఎర్ర సముద్రపు రేవుల్లో దిగి, ఎడారి దాటి, నైలు మీదుగా అలెగ్జాండ్రియా చేరి అక్కడ వేరే ఓడ ఎక్కేది. కాబట్టి అలెగ్జాండ్రియా పేరున్న గది ముందు కాసేపు ఎక్కువ నిలబడితే తప్పులేదు.

చలికాలంలో కొన్ని మొజాయిక్‌ల మీద తడి, మంచు తగలకుండా గుడ్డ, ఇసుక కప్పేస్తారు. వాటికోసమే వెళ్లేవాళ్లు వసంతం దాకా ఆగడం మంచిది. వీధి రాళ్లు నల్లటి లావా పలకలు, మధ్యలో సందులు. చెప్పులతో వెళ్తే మడమ తిరుగుతుంది, దళసరి అడుగున్న బూట్లు వేసుకోండి. లీటరు సీసా ఒకటి చాలు, లోపల మంచినీళ్ల పంపులున్నాయి. మధ్యాహ్నానికి పెరుగన్నం కంటే పులిహోర నయం, ఎండకు పాడవదు. రాలి పడిన మొజాయిక్ రాయి, ఇటుక ముక్క ఎంత చిన్నదైనా జేబులో వేసుకోకండి. ఇటలీలో అది నేరం, వీసా మీద ఉన్నవాళ్లకు అసలే వద్దు.

వీలైతే మరో రోజు ఫోరంకి మళ్లీ వెళ్లి, అక్కడి సెనేట్ భవనం క్యూరియా ముందు నిలబడండి. క్రీ.శ. 283 నాటి అగ్నిప్రమాదం తర్వాత డయోక్లీషియన్ చక్రవర్తి కట్టించిన ఇటుక గోడలవి. అక్కడా ఐదు వరసలు తీసుకుని, ఓస్తియాలో మీరు రాసుకున్న అంకె పక్కన పెట్టి చూడండి.