ఆ స్టేటస్‌లో లేని మనిషి

డాలస్ నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. మే నెలలో వాళ్లమ్మగారు బాత్రూమ్‌లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత విజయవాడలో పెద్దకూతురి ఇంట్లో ఉంటున్నారు. చెల్లెలు నెలకు 40,000 రూపాయలు పంపుతోంది. మూడు వారాల కిందట అక్క వాట్సాప్ స్టేటస్ పెట్టింది: "వీడియో కాల్‌లోనే అమ్మకు అన్నం తినిపించే యాప్ ఒకటి కావాలి. అమెరికాలో ఉన్న తెలివైనవాళ్లు కాస్త కనిపెట్టి పుణ్యం కట్టుకోండి." బంధువులంతా చూశారు, నవ్వారు. "నేను తప్పు చేశానని నాకే అనిపించేలా చేసి లొంగదీసుకోవాలని చూస్తోంది. ఇది మానిప్యులేషన్ అవునా, కాదా?" అని అడుగుతోందీమె.

కాదమ్మా. ఎత్తిపొడుపు. నలుగురూ చూసేచోట పెట్టడం తప్పే, అందులో మీ అక్కను సమర్థించను. కానీ మీరు వాడిన మాట చాలా పెద్దది. తనకేం కావాలో చెప్పకుండా దాచి, ఎదుటి మనిషికి వేరే దారి లేకుండా చేసి పని జరిపించుకునేవాళ్లకు ఆ మాట వాడాలి. మీ అక్క ఏదీ దాచలేదు. జులైలో ఫోన్ చేసి "ఒక్క నెల వచ్చి ఉండవే, నా నడుం పడిపోతోంది" అని నేరుగా అడిగిందని మీరే రాశారు. సెలవు లేదన్నారు, పిల్లల స్కూలన్నారు. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి, కాదనిపించుకుని, అలిసిపోయిన మనిషి మాట అది. మీతో "అంతా బాగానే ఉంది, నువ్వు రానక్కర్లేదు" అంటూ, బంధువుల ముందు మాత్రం మిమ్మల్ని చెడ్డదాన్ని చేసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

స్టేటస్ ఎవరెవరు చూశారో పెట్టినవాళ్లకు కనిపిస్తుంది. మీరు చూశారని అక్కకు తెలుసు. చూసి, ఇన్నాళ్లుగా ఒక్క మాటా అనలేదనీ తెలుసు. 24 గంటల్లో పోయేదాన్ని మీరు స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని నాకు పంపారు. పంపాల్సింది నాకు కాదు. ఫోన్ చేయాల్సింది ఆమెకు.

ఆ సంగతి ఇక వదిలేస్తాను. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది వేరే వాక్యం. "అన్నయ్య బెంగళూరులో ఉంటాడు, వదినకూ అమ్మకూ పడదు, పైగా తనకు పనెక్కువ." మూడు పేజీల్లో అన్నయ్య గురించి ఇంతే. ఇంకోచోట, తెనాలి ఇల్లు మూడేళ్ల కిందటే అమ్మ అతని పేర రాసిచ్చారన్న సంగతి, అదేదో పెద్ద విషయం కానట్టు.

బెంగళూరు నుంచి విజయవాడకు ఒక్క రాత్రి ప్రయాణం. మే నుంచి ఎన్నిసార్లు వచ్చాడు? మీరు రాయలేదు. అక్క స్టేటస్‌లోనూ అతను లేడు. సముద్రాల అవతల ఉన్న మీ మీద అంత కోపం వచ్చిన మనిషికి, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగగల తమ్ముడి మీద ఒక్క మాట రాలేదు. ఇల్లు కొడుక్కి, మంచం కూతుళ్లకి అని మీ ఇంట్లో ఎవరు పంచారు?

నాకు ఈ విషయంలో కోపం వస్తుంది. మా నాన్న మంచాన పడ్డప్పుడు నేనూ మా చెల్లీ వంతుల కోసం పోట్లాడుకున్నాం. అన్నయ్యను అడగాలన్న ఆలోచన ఏడాది దాకా ఇద్దరికీ రాలేదు. "అన్నయ్యను విసిగించకండే" అన్న మాట చిన్నప్పటి నుంచి విని విని అలా తయారయ్యాం. అడిగిన వారానికే వచ్చాడు. ఆ ఏడాది మా చెల్లితో నేనన్న మాటలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి.

తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కొడుకునూ కూతురినీ ఒకేలా బాధ్యుల్ని చేసింది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రైబ్యునల్‌ను అడగవచ్చు కూడా. అమ్మను అక్కడిదాకా తీసుకెళ్లమని నేననడం లేదు. అన్నయ్య చేస్తే దయ, మీరు చేయకపోతే ద్రోహం అనే లెక్క చట్టంలో కూడా లేదని మీకు తెలియాలి.

ఈ శనివారం ఉదయం మీకు తొమ్మిదిన్నరకు, అంటే అక్కకు రాత్రి ఎనిమిదింటికి, ఫోన్ చేయండి. స్టేటస్ ఊసెత్తకండి, డబ్బు ఊసూ ఎత్తకండి. అమ్మ రాత్రి ఎన్నిసార్లు లేస్తోంది, నువ్వు ఎప్పుడు పడుకుంటున్నావు అని అడిగి, చెప్పేదంతా వినండి. తిడితే పడండి. డిసెంబరులో రెండు వారాలైనా సెలవు దొరికితే తేదీలు చెప్పండి, "చూస్తాను" అనకండి.

తర్వాత ముగ్గురూ కాల్‌లో కూర్చోండి. మాట మీరే మొదలుపెట్టాలి. అక్క అడిగితే అమ్మను వదిలించుకుంటోందన్న నింద పడుతుంది. "అన్నయ్యా, నెలకో వారం నువ్వు వచ్చి అమ్మ దగ్గర ఉండాలి, రాత్రిపూట ఆయా జీతం నువ్వివ్వాలి" అనండి. వదినను మధ్యలోకి లాగకండి, తల్లి అతనికి. మీరు పంపే 40,000 మాత్రం తగ్గించకండి. ఆయా వచ్చిన మర్నాడు ఫోన్ చేసి, రాత్రి నిద్ర పట్టిందా అని అక్కను అడగండి.