‘అందరికీ ఇచ్చే ఫార్మాటే’ అంటున్నారు, సంతకం పెట్టేయవచ్చా?

ప్రశ్న: నలుగురు ఉద్యోగులతో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. ఓ పెద్ద కంపెనీ ఆర్డర్ ఇస్తామంటూ 14 పేజీల అగ్రిమెంటు పంపింది. ‘ఇది అందరికీ ఇచ్చే ఫార్మాటే’ అంటున్నారు. చదివితే నాకు అర్థమవుతూనే ఉంది. లాయరుకు చూపిస్తే ఫీజు దండగ, ఆలస్యమైతే ఆర్డర్ చేజారుతుందని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: చూపించండి. అర్థమవుతోందన్న మీ మాట నమ్ముతాను. కానీ ఇలాంటి కాగితాల్లో ఇబ్బంది ఎక్కువగా రాయకుండా వదిలేసిన చోటే ఉంటుంది.

‘పనిని ఆమోదించిన 60 రోజుల్లో చెల్లింపు’ అనే వాక్యమే తీసుకోండి. మీకు 60 రోజులు కనిపిస్తాయి. లాయరు మాత్రం ఆమోదించేది ఎవరు, ఎన్నాళ్లలో అని అడుగుతాడు. దానికి గడువు రాయకపోతే ఆ 60 రోజుల లెక్క ఎప్పటికీ మొదలుకాకపోవచ్చు. ‘అప్పగించిన 10 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే’ అని ఒక్క వాక్యం చేర్పిస్తే చాలు.

అంతకంటే ప్రమాదకరమైనది నష్టపరిహారం క్లాజు. ‘మీ పని వల్ల కలిగే ఏ నష్టానికైనా మీదే బాధ్యత’ అని ఉండి, పరిమితి లేకపోతే, మీ బిల్లుకు ఎన్నో రెట్లు కట్టాల్సి రావచ్చు. మీకు ముట్టిన సొమ్ముకు మించి బాధ్యత ఉండదని రాయించుకోండి. సంతకం సంస్థ తరఫున మాత్రమేనా, లేక వ్యక్తిగత హామీ కూడా ఇస్తున్నారా అన్నదీ చూడాలి. హామీ ఇస్తే మీ సొంత ఆస్తులు కూడా చిక్కుల్లో పడతాయి. ఒప్పందం దానంతటదే పొడిగింపు అయ్యే షరతు, కేసు ఏ ఊళ్లో వేయాలన్న షరతు సాధారణంగా చివరి పేజీల్లో ఉంటాయి.

చదవకుండా సంతకం పెట్టానంటే కోర్టు వినదా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో 1934లో ఒక కేఫ్ యజమానురాలి కేసు ఉంది. ఆమె వాయిదాల మీద సిగరెట్లు అమ్మే యంత్రం కొన్నారు, అది సరిగా పనిచేయలేదు. ఆర్డర్ ఫారంలో సన్నటి అక్షరాల్లో అమ్మకందారు బాధ్యతను తీసేసే షరతు ఉంది. ఆమె అది చదవలేదు. సంతకం ఉంది కాబట్టి కట్టుబడాల్సిందేనని అప్పీలులో కోర్టు తేల్చింది. మోసం చేసి సంతకం పెట్టించుకుంటే సంగతి వేరు. ఆ తర్వాత చాలా దేశాల్లో రక్షణ చట్టాలు వచ్చాయి గానీ, అవి ఎక్కువగా సామాన్య వినియోగదారుల కోసం. వ్యాపారికి అంత వెసులుబాటు ఉండదు.

మా లాయర్లలోనూ కొందరు ప్రతి లైనూ ఎర్రగా గీసి పంపుతారు, దాంతో బేరమే చెడుతుంది. అందుకని పరిశీలనకు మాత్రమే ఎంతవుతుందో ముందే అడిగి, అతి ప్రమాదకరమైన మూడు నాలుగు అంశాలే చెప్పమనండి. ఫార్మాటు మార్చమంటే ఒప్పుకోకపోయినా, విడిగా ఓ అనుబంధం జతచేయడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ 14 పేజీలతో పాటు వాళ్లతో నడిచిన ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు కూడా తీసుకెళ్లండి. ‘ఇందులో రాసిందే పూర్తి ఒప్పందం’ అనే క్లాజు ఉంటే, నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ సంతకానికి ముందే కాగితం మీదికి ఎక్కించుకోవాలి.