తిరుపతిలో నా హోటల్ మీద లేబర్ కేసు పడింది, నేనేమో విదేశంలో ఉన్నాను. ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే 2018లో నేను పడ్డ టెన్షన్ అంతా గుర్తొచ్చింది. మీది విదేశీ పౌరసత్వం, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉంది, తిరుపతిలో చిన్న హోటల్ ఉంది, మాన్పించిన సప్లయర్, అంటే వడ్డించే మనిషి, లేబర్ ఆఫీసుకు వెళ్లాడు. విదేశీయుణ్ని కాబట్టి నన్ను ఎక్కువ ఇబ్బంది పెడతారా, ప్రతి వాయిదాకీ విమానమెక్కి రావాలా అని అడిగారు.

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మా నాయన నడిపిన లాడ్జి, ఆయన పోయాక నా చేతికి వచ్చింది. అప్పుడు పన్నెండు మంది పనిచేసేవాళ్లు. అంతా ఫోన్లోనే నడిపేవాణ్ని. ఒకరోజు మేనేజర్ ఫోన్ చేసి, పాత రూమ్ బాయ్ ఒకాయన మాట వినడం లేదన్నాడు. 'సరే, రేపట్నుంచి రావద్దని చెప్పు' అన్నాను. మూడు నెలలకు లేబర్ ఆఫీసు నోటీసు వాట్సాప్‌లో ఫోటోగా వచ్చింది.

ఫారిన్‌లో ఉన్నాడు, డబ్బులు రాలతాయని ఎవరో వెనకుండి వేయించారనుకున్నాను. ఆ కోపంలోనే రెండు వాయిదాలు వదిలేశాను. మీరు ఆ తప్పు మాత్రం చేయకండి. మనం పోకపోతే అవతలివాళ్లు చెప్పిందే విని ఎక్స్‌పార్టీగా తేల్చేసే అవకాశం ఉంది.

పౌరసత్వం సంగతి పెద్దగా పట్టించుకోకండి. పని తిరుపతిలో జరిగింది, ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. ఆఫీసరు నా పాస్‌పోర్టు అడగలేదు. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, అపాయింట్‌మెంట్ లెటరు, తీసేసేటప్పుడు ఇచ్చిన నోటీసు అడిగారు. నా దగ్గర ఒక్కటీ లేదు. జీతాలు చేతికి ఇచ్చేవాళ్లం, వోచర్ మీద సంతకం కూడా తీసుకోలేదు.

మూడో వాయిదాకు నేనే వచ్చాను. ఎదురుగా ఆయన కూర్చున్నాడు. 'సామీ, నన్ను పనిలో పెట్టుకునింది మీ నాయన. పదకొండేళ్లు చేసినా. పొమ్మంటే పోతాను, ఆ మాట మీరే నాతో చెప్పింటే బాగుండు' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వెనక ఎవరూ లేరు. పదకొండేళ్లు పనిచేసిన మనిషిని మూడో మనిషి చేత ఫోన్లో పంపేశాను. ఈరోజుకీ అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఆ తర్వాత లెక్క వేశాం. చివరి నెల జీతం 13,000. గ్రాట్యుటీ అంటే పని మానేటప్పుడు చేసిన సర్వీసుకు ఇచ్చే డబ్బు, ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన. అంటే ఏడాదికి 7,500, పదకొండేళ్లకు 82,500. ఆలస్యానికి వడ్డీ అదనం. దాని మీద ఒక నెల నోటీసు జీతం, సర్వీసు పరిహారం. మా మేనేజర్ 'ఇప్పుడు ఏడుగురే కదా, గ్రాట్యుటీ మనకు వర్తించదు' అని వాదించాడు. అది కుదరదు. పదిమంది ఉన్నప్పుడు ఒకసారి వర్తిస్తే, తర్వాత సంఖ్య తగ్గినా వర్తిస్తూనే ఉంటుంది. మా నాయన కాలంలో చేసిన ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి.

రాజీకి వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. గ్రాట్యుటీని బేరమాడి తగ్గించుకోలేం. ఆయన 'వద్దు' అని సంతకం పెట్టినా చెల్లదు. నేను దాన్ని వడ్డీతో సహా పూర్తిగా కట్టి, మిగతావి మాట్లాడుకున్నాను. తెల్లకాగితం మీద రాసుకోకుండా ఆఫీసరు ముందే, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 12(3) కింద రాజీ ఒప్పందం చేసుకున్నాం. డబ్బు బ్యాంకు ఖాతాకే పంపాను.

ప్రతి వాయిదాకీ మీరు రానక్కర్లేదు. నమ్మకమైన మనిషికి ఈ కేసు వరకే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. మీరున్న దేశంలోని భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి, లేదా అక్కడి నోటరీ దగ్గర సంతకం పెట్టి అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించండి. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామంది ఈ గడువు దగ్గరే దెబ్బతింటారు. ఇంకో సంగతి, మీకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల గురించి ఆ మనిషి మీ బదులు సాక్ష్యం చెప్పలేడు. తీసేయమన్నది మీరే అయితే, విచారణ దాకా పోయాక మీరే రావాల్సి వస్తుంది.

నాది పాత చట్టాల కాలం. 2025 నవంబర్ 21 నుంచి వాటి స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మనిషిని తీసేస్తే రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాది చేసినా గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే పద్ధతి కూడా ఇక పనిచేయదు, లెక్కకు తీసుకునే వేతనం మొత్తంలో కనీసం సగం ఉండాలి. మీ సప్లయర్‌ను ఏ తేదీన మాన్పించారో మీ లాయరుకు ముందే చెప్పండి, ఏ చట్టమన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఈ వారంలోనే ఆయన చేరిన తేదీ, చివరి జీతం రాసుకుని మీ లెక్క మీరు వేసుకోండి. వీలైతే మొదటి వాయిదాకు మీరే రండి. నాలుగు నెలలు ఫోన్లలో తిరిగినా కదలని నా కేసు, నేను వచ్చిన ఆ ఒక్కరోజులో కదిలింది.