జాళ్‌రేషా ముకద్దం పని కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. మావాడు ట్వెల్త్ ఆర్ట్స్ పాసై రెండేళ్లయింది. అప్పట్నుంచి ఎండాకాలం వస్తే ఫారెస్టోళ్ల దగ్గర జాళ్‌రేషా పనికి, అంటే మంట దాటకుండా అడవిలో ఆకూ గడ్డీ తీసి ఖాళీ పట్టీ చేసే పనికి పోతున్నాడు. ఈసారి పద్నాలుగు మందికి ముకద్దం, అంటే ముఠా పెద్దను చేశారు. అమెరికాలో మంటలు అంటుకోకుండా చేతి పనిముట్లతో అడవి శుభ్రం చేసే ముఠాలుంటాయని, వాటికి లీడరు ఉద్యోగం ఉంటుందని ఫోన్లో చూసి అక్కడికే పోతానంటున్నాడు. నాలుగు నెలల కూలిపని పట్టుకుని బతుకు పాడుచేసుకుంటాడేమోనని మా భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: అన్నా, ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం. మీవాడు చూసింది అబద్ధం కాదు. అక్కడ 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం కొన్ని అడవుల్లో మోటారు పనిముట్లు దాదాపు నిషిద్ధం. చైన్‌సా ఇంట్లో పెట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే రంపం, గొడ్డలి, పులాస్కీ మోసుకుని నడిచిపోతారు. పులాస్కీ అంటే ఒకవైపు గొడ్డలి, రెండోవైపు పారలా మట్టి గీరే పలక. 1910 నాటి పెద్ద మంటల్లో తన ముఠాను గని సొరంగంలోకి తోలి చాలామందిని బతికించిన ఎడ్ పులాస్కీ అనే రేంజరు పేరు దానిది. ఆ ఏడాది తర్వాత అక్కడివాళ్లు కనిపించిన మంటనల్లా ఆర్పుతూ పోయారు. దాంతో చాలా అడవుల్లో పొదలు, సన్న చెట్లు, ఎండు కట్టె దశాబ్దాల తరబడి పేరుకుపోయాయి. ఇప్పుడు వాటిని కొట్టి కుప్పలేసి, వానో మంచో పడ్డాక కాలుస్తున్నారు. ముఠా లీడరు పని అదే.

కానీ వాళ్ల ప్రభుత్వ అటవీశాఖ కొలువుకు అక్కడి పౌరసత్వం కావాలి. ఆ తలుపు మీవాడికి మూసే ఉంది. ఎవరైనా ఏజెంటు లక్షలు కట్టు, పంపిస్తా అంటే ఆ మనిషిని గుమ్మం దగ్గర్నుంచే పంపించెయ్యండి.

పని మాత్రం ఇక్కడా ఉంది. మన దక్షిణ గడ్చిరోలిలో చెట్ల తలలు కాలడం అరుదు, మంట నేల మీదే పాకుతుంది. టేకాకు రాలి, గడ్డి ఎండి, వెదురు పొదల కింద ఎండుటాకు పేరుకునేసరికి ఫిబ్రవరి వస్తుంది. అటవీశాఖ లెక్కలో మంటల కాలం ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15. రేషా కొట్టి, దాని మీది ఆకు కాల్చి శుభ్రం చేయడం ఫిబ్రవరి 15 లోపే అయిపోవాలి. ఆ తర్వాత ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఆకు తగలబెడతారు, తునికాకు లేత చిగురు రావాలని ఇంకొకరు నిప్పు పెడతారు. చాలా వణవాలు, అంటే అడవి మంటలు, అక్కడే పుడతాయి. కాబట్టి మంచి ముకద్దానికి గొడ్డలి కంటే ముందు నోరు పనిచెయ్యాలి. ఇప్పచెట్టు కింద చీపురుతో ఊడ్చుకోమనో, పాత చీరలు పరుచుకోమనో అవ్వలను ఒప్పించగలిగితే మూడు రోజుల రేషా పని తప్పినట్టే.

మీవాడు నిజంగా ముకద్దమా, పేరుకేనా అన్నది తెలియాలంటే నేనైతే రెండు ప్రశ్నలు అడుగుతాను. వరసలో ఇద్దరి మధ్య ఎంత దూరం పెడతావు? అమెరికా ముఠాల్లో పది అడుగులు ఉండాలంటారు, గొడ్డలి జారితే పక్కవాడి మోకాలికి తగలకుండా. రెండోది, మంట ఆరిందని ఎట్లా తెలుస్తుంది? పొగ లేదు కాబట్టి ఆరింది అన్నాడంటే ఇంకా నేర్చుకోవాలి. బూడిద కింద మొద్దు లోపల రెండు రోజులైనా రాజుకుంటూనే ఉంటుంది. దాని మీద చేతి వెనకవైపు, అరచెయ్యి కాదు, దగ్గరగా పెట్టి వేడి చూడాలి. కాలితే వెనకవైపు కాలుతుంది, పనిముట్టు పట్టుకునే అరచెయ్యి మిగులుతుంది. నిలువుగా ఉన్న గట్టు మీద మంట కిందనుంచి పైకి వస్తుంటే పైన మనిషిని నిలబెట్టకూడదని, తప్పించుకునే దారి ముందే చూసుకోవాలని, ఒకడు ఎప్పుడూ పని చెయ్యకుండా గాలినే చూస్తుండాలని వాడికి తెలిసి ఉంటే, ఆ పద్నాలుగు మంది ఇళ్లవాళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఇక కెరీర్. మీ భయం సబబే. మా ఇంట్లోనే ఒకాయన ఆరు సీజన్లు ఇలా చేశారు. ఏ రేంజో చెప్పను గానీ, ఆఖరికి చేతిలో ఒక్క కాగితం లేదు, మస్టర్లో, అంటే కూలీల హాజరు పుస్తకంలో, పేరు వేరేవాళ్లది. అందుకే మీవాడిని ఈ సీజన్ నుంచే ఒక నోటుబుక్ పెట్టమనండి. తేదీ, కంపార్ట్‌మెంటు నంబరు, ఎంతమంది, ఎంత పొడవు రేషా, ఏ మంట ఎన్నింటికి ఆరింది. పైసలు బ్యాంకు ఖాతాలోనే పడేట్టు చూసుకోవాలి. సీజన్ అయ్యాక రేంజి ఆఫీసులో అనుభవ పత్రం అడగాలి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా మళ్లీ అడగాలి.

అసలు గురి వనరక్షక్, అంటే ఫారెస్ట్ గార్డు కొలువు మీద పెట్టండి. ట్వెల్త్‌లో సైన్సు, గణితం, భూగోళం, అర్థశాస్త్రంలో ఏదో ఒకటి ఉండాలి. ఆర్ట్స్ అంటే భయపడకండి, భూగోళమో అర్థశాస్త్రమో ఉంటే చాలు. మీరు ఎస్టీ అయితే పదో తరగతి సరిపోతుంది. ఎత్తు మగవాళ్లకు 163 సెంటీమీటర్లు, ఎస్టీలకు సడలింపు ఉంది. రాతపరీక్ష, పరుగు, ఆఖర్న నాలుగు గంటల్లో 25 కిలోమీటర్ల నడక. అమెరికాలో 20 కిలోల బరువు మోస్తూ 45 నిమిషాల్లో దాదాపు 4.8 కిలోమీటర్లు నడవమంటారు. మీవాడు రేషా మీద రోజూ తిరిగేది చూస్తే ఈ రెండూ వాడికి ఆటే.

అడ్డం పడేది నడక కాదు, మరాఠీ. పరీక్షలో నాలుగు విభాగాలుంటే అందులో ఒకటి మరాఠీయే. మన సిరోంచ పిల్లలు బజారులో మరాఠీ గడగడా మాట్లాడతారు, వ్యాకరణం దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది కథ ఇదే. రోజూ ఒక మరాఠీ పేపరు, ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు బాలభారతి (మహారాష్ట్ర ప్రభుత్వ పాఠ్య) పుస్తకాలు. కోచింగుకు నాగపూర్ పంపే డబ్బుతో ఊళ్లోనే ఒక రిటైర్డ్ మరాఠీ మాస్టారిని పెట్టుకోండి.

చదువు మీద మనసుంటే అకోలాలో అటవీశాస్త్రం డిగ్రీ ఉంది, కానీ దానికి ట్వెల్త్ సైన్సు కావాలి. ఆ ఆశ మీవాడి చెల్లెలికో తమ్ముడికో పెట్టుకోండి. ఊళ్లో గ్రామసభకు సామూహిక అటవీ హక్కు పట్టా వచ్చి ఉంటే మాత్రం దాన్ని చిన్నచూపు చూడొద్దు. మన జిల్లాలోనే మెండా లేఖా 2009లో ఆ హక్కు తెచ్చుకుని తన వెదురు తానే అమ్ముకుంది. తునికాకు, వెదురు డబ్బు చేతికొచ్చే గ్రామసభకు అడవి కాలకుండా చూసేవాడు కావాలి, లెక్క రాసేవాడు కావాలి. నోటుబుక్ పెట్టే ముకద్దం అక్కడ తొందరగా కంటపడతాడు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో పసిగట్టిన మంటల సమాచారాన్ని నమోదు చేసుకున్నవాళ్ల ఫోనుకు పంపుతుంది. ఆ వివరమూ పుస్తకంలో రాసుకోమనండి.

రేపు పొద్దున ట్వెల్త్ మార్కుల మెమో బయటికి తీసి సబ్జెక్టులు చూసుకోండి. భూగోళం లేకపోతే, అర్థశాస్త్రమూ లేకపోతే, నాకు మళ్లీ ఉత్తరం రాయండి, వేరే దారి మాట్లాడుకుందాం.