గొంతు దాకా వచ్చి ఆగిపోయే మాట

నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ముఖం ఎర్రబడుతుంది, గొంతు పెగలదు. మొన్న బస్సులో నా స్టాపు వచ్చినా ‘ఆపండి’ అనలేక, తర్వాతి స్టాపులో దిగి ఎండలో వెనక్కి నడిచాను. పెళ్లిళ్లలో ఎవరేం అడిగినా అమ్మే జవాబు చెబుతుంది. నాకు పొగరని బంధువులు అనుకుంటున్నారట. ఈ బిడియం పోయే దారి ఉందా?

ఒక్క మాట నోరు దాటనందుకు అంత దూరం నడిచారు. దారి పొడవునా మిమ్మల్ని మీరు ఎంత తిట్టుకున్నారో ఊహించగలను. ముందు ఆ తిట్లు మానండి. కంగారు పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ముఖంలోని రక్తనాళాలు విప్పారతాయి. ఆ ఎరుపు మీరు వద్దనుకుంటే ఆగేది కాదు.

అయితే అందరూ మిమ్మల్నే చూస్తున్నారన్నది మాత్రం నిజం కాదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు థామస్ గిలోవిచ్ బృందం విద్యార్థులకు నామోషీగా అనిపించే టీషర్టు తొడిగి, తోటివాళ్లున్న గదిలోకి పంపింది. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. గమనించింది దాదాపు నాలుగో వంతే. 2000లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మీ బస్సులోనూ ఒకరిద్దరు తలెత్తి చూసి, మళ్లీ ఫోనులో పడేవారు.

రేపు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు తీసుకునేటప్పుడే కండక్టరుకు మీ స్టాపు పేరు చెప్పి, ‘అక్కడ కాస్త ఆపించండి’ అనండి. ఒక్కరితో మెల్లగా అనే మాట కాబట్టి తేలిక. వారం తర్వాత మీ సీటు దగ్గర నుంచే ‘ఆపండి’ అనండి. గొంతు వణికితే వణకనివ్వండి, బస్సు ఆగుతుంది.

ఈ భయం ఆరు నెలలకు పైగా ఉండి, ఉద్యోగానికీ అడ్డొస్తుంటే సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు.

నాకు ఎక్కువ బాధనిపించింది అమ్మగారి సంగతి. మీరు ఇబ్బంది పడకూడదనే ఆమె అందుకుంటున్నారు. కానీ అలా అందుకున్న ప్రతిసారీ మీ వంతు మాట పోతోంది. పెళ్లి పందిట్లో కాదు, ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: ‘అమ్మా, ఈసారి నన్ను అడిగినదానికి నేనే చెబుతాను. ఆలస్యమైనా ఆగు.’ ఆ నాలుగైదు క్షణాల మౌనం మీకన్నా ఆమెకే కష్టం.

పెళ్లిలో మూల కుర్చీ వెతుక్కోకండి. వడ్డనకు వెళ్లండి. చేతిలో గరిటె ఉన్నప్పుడు ‘ఇంకాస్త పప్పు వేయమంటారా పిన్నీ?’ అనడానికి ధైర్యం కూడగట్టుకోనక్కర్లేదు. ఆవిడ విస్తరి వైపు చూస్తారు గానీ మీ ముఖం వైపు కాదు.