డాక్టర్ సలహా: మోడల్ విమానానికి రంగు వేస్తుంటే చెయ్యి వణుకుతోంది, మాత్ర వాడవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 52. తీరిక వేళల్లో ప్లాస్టిక్ మోడల్ విమానాలు తయారు చేస్తుంటాను. ప్రస్తుతం 1/48 స్కేలులో భారత నౌకాదళపు సీ హారియర్ యుద్ధ విమానం చేతిలో ఉంది. 1983లో నేవీలోకి వచ్చినప్పటిలా పైన ముదురు బూడిద రంగు, కింద తెలుపు వేసి, ఐఎన్ఏఎస్ 300 స్క్వాడ్రన్ వారి తెల్లపులి గుర్తు అతికించాలని నా కోరిక. కాక్‌పిట్ దగ్గరే చిక్కొచ్చింది. ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు) పిడి మీద పసుపు, నలుపు చారలు గీయాలి. ఆ పిడి మొత్తం రెండు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. రెండు నెలలుగా చెయ్యి సన్నగా వణుకుతోంది. ఇదే హాబీ ఉన్న మిత్రుడు బ్రష్ పట్టే గంట ముందు ప్రొప్రనలాల్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోమన్నాడు. వేసుకున్న రోజున గీత చక్కగా వస్తోంది. దీన్ని ఎప్పుడూ వాడవచ్చా? ఇంతకంటే మంచి మాత్ర ఉందా? బీపీ, షుగర్ లేవు. ఇంతకుముందు చేసిన మోడళ్లకు ఆదివారాల్లో ఎయిర్‌బ్రష్ అనే చిన్న స్ప్రేతో గ్లాస్ కోటు, అంటే మెరుపు పూత, వేస్తున్నాను. రెండు సీసాలు కలిపి కొట్టే రకం క్లియర్ (రంగులేని పూత) అది. ఎన్95 మాస్కు తప్పకుండా పెట్టుకుంటాను. రాత్రిళ్లు కొంచెం దగ్గు, పిల్లికూతలు వస్తాయి కానీ దగ్గు సిరప్ తాగితే తగ్గుతాయి. గత నెల మా అమ్మాయి ఇంట్లో వారం ఉన్నప్పుడు దగ్గూ లేదు, వణుకూ లేదు. విశ్రాంతి దొరికినందువల్లేమో.

జవాబు: ప్రొప్రనలాల్ ఇక ఒక్కటి కూడా వేసుకోకండి. పని ఉన్న రోజున మాత్రమే వేసుకుంటున్నట్టు రాశారు కాబట్టి ఆపేస్తే ఇబ్బంది ఉండదు. ఒకవేళ రోజూ వేసుకుంటూ ఆ సంగతి రాయకపోయి ఉంటే, లేదా గుండె జబ్బు ఏదైనా ఉంటే, సొంతంగా ఏమీ చేయకుండా ఇవాళే దగ్గరలోని డాక్టరును కలవండి. రోజూ వాడుతున్న ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి మానేస్తే గుండె దడ పెరగవచ్చు, గుండె జబ్బు ఉన్నవారికి ఛాతీనొప్పి కూడా రావచ్చు. దాన్ని ఎలా ఆపాలో ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన డాక్టరే చెప్పాలి.

మీరు విమానం గురించి ముచ్చటగా రాశారు. దగ్గుకు మాత్రం చివర్లో ఒక్క వాక్యం విదిల్చారు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. 52 ఏళ్ల వయసులో కొత్తగా రాత్రిపూట పిల్లికూతలు మొదలైతే దాన్ని ‘కొంచెం’ అని సరిపెట్టుకోకూడదు.

శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరాలు సడలి ఉండాలంటే వాటి మీద ఉన్న బీటా-2 గ్రాహకాలు (శరీరం పంపే సంకేతాలను, మందులను అందుకునే చోట్లు) పనిచేస్తూ ఉండాలి. ప్రొప్రనలాల్ గుండెలోని బీటా-1 గ్రాహకాలతో పాటు వీటినీ అడ్డగిస్తుంది. మామూలు ఊపిరితిత్తులు ఉన్నవారికి దానితో పేచీ ఉండదు. ఆస్తమా ఉన్నవారికి, ఉందని ఇంకా తెలియనివారికి కూడా, ఒక్క మాత్రతోనే నాళాలు బిగుసుకుపోయి తీవ్రమైన ఆయాసం రావచ్చు. అంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. అలాంటి సమయంలో ఆసుపత్రిలో నాళాలు సడలడానికి ఇచ్చే సాల్బుటమాల్ పనిచేయాల్సింది కూడా ఆ గ్రాహకాల మీదే. వాటిని ముందే మూసేసి వస్తే నెబ్యులైజర్ పెట్టినా రావలసినంత ఫలితం రాదు. మీ మిత్రుడికి ఆ మాత్ర పడింది. ఆయన ఊపిరితిత్తులు వేరు, మీవి వేరు. ఆయన చేతిలోని బ్రష్‌ను అరువు తెచ్చుకోండి, మందుల చీటీని తెచ్చుకోవద్దు. అసలు ఆయన దగ్గరైనా చీటీ ఉందో లేదో!

ఇక ఆ దగ్గు సిరప్. పేరు రాయలేదు, ఎవరు రాసిచ్చారో కూడా రాయలేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నారనే అనుకుంటున్నాను. సీసా వెనక్కి తిప్పి, సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. టెర్బుటలిన్, సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్ వీటిలో ఏదైనా ఉందా? కఫం కరిగించే మందుతో కలిపి వీటిని వేసిన సిరప్‌లు చాలా ఉన్నాయి. ఇవి నాళాలను సడలిస్తాయి కాబట్టే మీ పిల్లికూతలు తగ్గుతున్నాయి. ఇవే మందులు చేతులకు సన్నటి వణుకు తెస్తాయి, గుండె దడ కూడా తెస్తాయి. పుస్తకంలో మొదటి వరసలో రాసి ఉండే దుష్ప్రభావమే ఇది, వింతేమీ లేదు.

నా అనుమానం నిజమైతే మీ ఇంట్లో జరుగుతున్నది ఇది. రంగు పని వల్ల దగ్గు వస్తోంది. దగ్గుకు సిరప్ తాగుతున్నారు. సిరప్ వల్ల చెయ్యి వణుకుతోంది. వణుకుకు ప్రొప్రనలాల్ మింగుతున్నారు. దానితో నాళాలు మరింత బిగుస్తున్నాయి, దగ్గు పెరుగుతోంది, మళ్లీ సిరప్. రెండు మందులూ ఒకే గ్రాహకం మీద చెరో వైపు నుంచి లాగుతున్నాయి. అమ్మాయి ఇంట్లో ఉన్న వారంలో దగ్గు లేదు కాబట్టి సిరప్ తాగి ఉండరు, సిరప్ లేదు కాబట్టి చెయ్యి వణకలేదు. విశ్రాంతి ఖాతాలో వేసి వదిలేశారు గానీ, ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. సీసా మీద ఈ మందులేవీ లేకపోతే వణుక్కి కారణం వేరే వెతకాలి, అది తర్వాత చెబుతాను. దగ్గు విషయంలో నా మాట మాత్రం మారదు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టిన రంగుకు, ఆ రాత్రి రెండింటికి వచ్చిన దగ్గుకు సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండు సీసాలు కలిపే పాలీయురెథేన్ క్లియర్‌లలో హార్డెనర్ (పూతను గట్టిపరిచేది) సీసాలో ఉండేది సాధారణంగా ఐసోసయనేట్ అనే రసాయనం. కార్లకు రంగులు కొట్టేవారిలో వృత్తిరీత్యా వచ్చే ఆస్తమాకు పేరుమోసిన కారణం ఇదే. ఒకసారి శరీరం దీన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని ఎదురుతిరగడం మొదలుపెడితే, ఆ తర్వాత అతి తక్కువ మోతాదు కూడా చాలు. ఆ ప్రతిచర్య వెంటనే రావచ్చు, నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాతా రావచ్చు. అంటే బ్రష్‌లు కడిగి, భోంచేసి, పడుకున్న తర్వాత. అప్పుడు నింద దుమ్ము మీదకో, ఏసీ మీదకో, తిన్న పెరుగు మీదకో పోతుంది.

మీకు ఉన్నది ఇదేనని ఉత్తరం చూసి తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. రంగును పలచన చేసే మామూలు లాకర్ థిన్నర్‌లోని ద్రావకాల ఆవిరి కూడా నాళాలను రేపుతుంది. సన్నటి ఇత్తడి ముక్కలు అతికించే సూపర్‌గ్లూ ఆవిరి కొందరిలో ఆస్తమా తెప్పిస్తుంది. ముక్కు వెనక నుంచి కారే కఫం, కడుపులోంచి పైకి ఎగదన్నే ఆమ్లం కూడా రాత్రి దగ్గుకు కారణాలే. అయినా తేలేవరకు ఆ రెండు సీసాల క్లియర్ ముట్టుకోవద్దు. గ్లాస్ కోటుకు నీటి ఆధారిత యాక్రిలిక్ రకాలు ఉన్నాయి. అంత మెరుపు రాదని మీరు గొణుక్కుంటారని తెలుసు. డికాల్ (అతికించే గుర్తు) అతుక్కోవడానికి అవి చాలు. పైగా ఎలాగూ చివర్లో మ్యాట్ కోటు కొట్టి ఆ మెరుపును చంపేస్తారు కదా! ఐసోసయనేట్ వల్లే అని తేలితే ఎంత త్వరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. నెలల తరబడి సిరప్‌తో నెట్టుకొచ్చినవారిలో కొందరికి, పని మానేసిన తర్వాత కూడా ఆస్తమా వదలదు. ఈ ఆలస్యమే నాకు కోపం తెప్పిస్తుంది.

ఎన్95 మాస్కు తప్పకుండా పెట్టుకుంటున్నానని ధీమాగా రాశారు. అది రంగు తుంపరలను, ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు లేచే పొడిని ఆపుతుంది. ఆవిరిని ఆపదు. ద్రావకాలకు యాక్టివేటెడ్ కార్బన్ క్యాట్రిడ్జ్‌లు, వాటి ముందు తుంపరలు ఆపే ఫిల్టరు ఉన్న రబ్బరు మాస్కు కావాలి. గడ్డం ఉంటే అది కూడా ముఖానికి సరిగా అతకదు. క్యాట్రిడ్జ్‌లను బల్ల మీద వదిలేస్తే గాలిలోని ఆవిరి పీల్చుకుంటూ వాటంతట అవే ఖర్చయిపోతాయి, గాలి చొరని సంచిలో పెట్టాలి. ఐసోసయనేట్‌కు ఈ మాస్కును కూడా నమ్ముకోమని నేను చెప్పను. ప్రమాదకరమైన స్థాయిలో ఉన్నా దానికి వాసన తెలియదు కాబట్టి, క్యాట్రిడ్జ్ అయిపోయిన సంగతి మీకు తెలిసే దారి లేదు. అందుకే ఆ పని వృత్తిగా చేసేవారికి బయటి నుంచి గొట్టం ద్వారా గాలి అందించే మాస్కులు ఉంటాయి. స్ప్రే బూత్ ఉంటే దాని గొట్టం కిటికీలోంచి బయటికి పోతోందా చూడండి. ఫిల్టరు గుండా తిప్పి గాలిని మళ్లీ గదిలోకే వదిలే రకమైతే రంగు పొడిని పడుతుంది, ఆవిరిని మీకే తిరిగి ఇస్తుంది. కిటికీలు మూసి, ఏసీ వేసుకుని కొట్టే అలవాటుంటే ఇవాళ్టితో సరి.

ఈ వారంలోనే ఛాతీ వైద్య నిపుణుడిని కలవండి. దగ్గు రెండు వారాలు దాటితే ఎవరికైనా కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించాల్సిందే. రంగులు ఉన్నాయి కాబట్టి కారణం అదేనని టీబీని మర్చిపోకూడదు. స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలిచే పరీక్ష) చేస్తారు. మీరు బాగున్న రోజున చేస్తే అది మామూలుగా వచ్చే అవకాశం ఉంది, అంతమాత్రాన ఆస్తమా లేదని ఎగిరి గంతేయకండి. పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం ఇచ్చి, రోజుకు నాలుగుసార్లు ఊది అంకెలు రాసుకోమని చెప్పవచ్చు. దాని పక్కన ఆ రోజు ఏ జిగురు వాడారో, ఏ రంగు వాడారో, ఏ గంటకు పని మొదలుపెట్టి ఎప్పుడు ఆపారో కూడా రాయండి. పరీక్ష కోసమని డాక్టరు చెప్పకుండా మళ్లీ క్లియర్ కొట్టి చూసే ప్రయోగాలు ఇంట్లో వద్దు. ఇన్‌హేలర్ రాసిస్తే వాడండి. ‘అలవాటైపోతుంది’ అనే భయంతో ఇన్‌హేలర్ మానేసి సిరప్ తాగేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల్లో ఉండే మందు నేరుగా నాళాల్లోకి పోతుంది. సిరప్‌లో మిల్లీగ్రాముల్లో ఉన్నది ఒళ్లంతా తిరిగి, దారిలో మీ వేళ్లనూ పలకరించి అక్కడికి చేరుతుంది.

ఈలోగా మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, పిల్లికూతలు వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోయి మనిషి నీరసపడిపోతున్నా, అది తగ్గుదల అనుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. గత ఒకటి రెండు రోజుల్లో ప్రొప్రనలాల్ వేసుకుని ఉంటే అక్కడి డాక్టరుకు మొదట ఆ మాటే చెప్పండి. ఇంట్లోవాళ్లకు కూడా ఇది ఇప్పుడే చెప్పి ఉంచండి.

మీరు అడిగిన వణుకు సంగతికి వస్తాను. ఛాతీ డాక్టరు చెప్పి సిరప్ ఆపిన తర్వాత కొద్దిరోజులు గమనించండి. అది కారణమైతే తగ్గిపోతుంది. తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాఫీ ఎన్ని కప్పులో నిజాయితీగా లెక్కపెట్టండి. తల్లిదండ్రుల్లో ఎవరికైనా చేతులు వణికేవా అన్నది గుర్తుచేసుకోండి, ఆ రకం వణుకు కుటుంబాల్లో నడుస్తుంది. మందుల వల్ల వచ్చేది రెండు చేతుల్లోనూ, పని చేస్తున్నప్పుడు కనిపిస్తుంది. చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతూ, అదీ ఒకవైపే ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. కారణం తేలకుండా ఏ మాత్రా రాయను. ఆస్తమా లేదని నిర్ధారణ అయిన తర్వాత కూడా ప్రొప్రనలాల్ ఇవ్వాలా వద్దా అన్నది మీ నాడి, బీపీ చూసిన డాక్టరు నిర్ణయం.

రెండు మిల్లీమీటర్ల పిడి మీద చారలకైతే మాత్ర కంటే బల్ల ఎక్కువ పనిచేస్తుంది. మోచేతులు రెండూ బల్లకు ఆనించి, కుడిచేతి చిటికెన వేలిని ఎడమచేతికి తగిలించి పట్టుకోండి. ఊపిరి వదులుతూ గీయండి. శస్త్రచికిత్స చేసేవారు కూడా చేతికి ఆనిక లేకుండా సన్న కుట్టు వేయరు. దగ్గరి చూపు అద్దాల నంబరు ఎప్పుడు చూపించుకున్నారు? 52లో పాత నంబరుతో అంత చిన్న వస్తువును చూడబోతే మెడ ముందుకు సాగుతుంది, భుజం బిగుస్తుంది, చెయ్యి అదురుతుంది. కంటి డాక్టరుకు మీరు పని చేసే దూరం ఎంతో కొలిచి చెప్పండి.

ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సిరప్ సీసా, మాత్రల అట్ట, క్లియర్, హార్డెనర్ డబ్బాల లేబుళ్ల ఫొటోలు తీసుకెళ్లండి. డబ్బాలు తెరిచి మాత్రం తీసుకెళ్లకండి. వెయిటింగ్ హాల్లో మీలాంటివాళ్లు ఇంకా చాలామంది దగ్గుతూ కూర్చుని ఉంటారు.