వానలు తగ్గాక పెరటి మడి: ఎరువు తర్వాత, ముందు పదును చూడండి

"దసరా వెళ్ళింది, వానలు తగ్గాయి, పెరట్లో మడి నిండా పిచ్చిమొక్కలే, శుభ్రం చేసి మళ్ళీ నాటాలంటే ఏ ఎరువు కొనాలి" అని అడిగారు. ఎరువు సంగతి తర్వాత చెప్తానండి, ముందు ఈ ఆదివారమే మనిషిని పెట్టి తవ్వించేద్దాం అనుకుంటుంటే అది ఆపండి. మీది ఏ ఊరో రాయలేదు, మా గుంటూరు చుట్టుపక్కల అయితే చాలావరకు నల్లరేగడే. రేగడిలో పదును రాకముందు, అంటే తడి తగ్గి మట్టి తవ్వడానికి అనువుగా అవకముందు, పార వేస్తే సంక్రాంతి దాకా ఆ మడి మీ మాట వినదు, మీద ఎన్ని వేల రూపాయల ఎరువు పోసినా సరే.

మాది కొరిటెపాడు. మా అత్తయ్యగారు ప్రత్తిపాడు వైపు పల్లెటూళ్ళో పత్తి, మిరప చేలల్లో పెరిగిన మనిషి. ఒక ఏడాది దీపావళి ముందు నాలుగు రోజులు ముసురు పట్టి వదిలింది, ఎండ రాగానే మా పక్కింటివాళ్ళు ఒక కూలీని పిలిచారు, ఎలాగూ వచ్చాడు గదా మనది కూడా తవ్వించేద్దాం అని మా ఆయన అతన్ని మా గేటు లోపలికి తీసుకొచ్చారు. అతను గునపం ఎత్తాడో లేదో అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఆగు బాబూ" అని, మడిలో జానెడు లోతు చేత్తో తోడి గుప్పెడు మట్టి తీసి పిసికారు. ముద్ద అయింది. నడుమెత్తు నుంచి గచ్చు మీదికి వదిలారు. టప్‌మని పడి అప్పచ్చిలా అంటుకుపోయింది. "ఇది విచ్చుకునేదాకా మడిలో కాలు కూడా పెట్టకండి" అన్నారు. కూలీకి టీ ఇచ్చి, దారి ఖర్చులకి డబ్బులిచ్చి పంపేశారు. మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు, మళ్ళీ మనిషి దొరకొద్దూ అని.

పక్కింట్లో ఆరోజే తవ్వారు. రెండు వారాలు తిరిగేసరికి వాళ్ళ మడి నిండా పెళ్ళలే, సుత్తి తెచ్చి కొడితే తప్ప పగల్లేదు, వాటి మధ్య పాలకూర గింజలు చల్లితే ఎక్కడో ఒకటి మొలిచింది. రేగడిలో ఉండే బంకమట్టి తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని నెర్రెలిస్తుంది, తడిగా ఉన్నప్పుడు దాన్ని తొక్కినా తిరగేసినా లోపల గాలి ఆడే సందులన్నీ మూసుకుపోయి అలాగే గట్టిపడిపోతుంది. ఎరువు వేరుకి అందాలంటే ముందు వేరు దిగాలి గదా. మేం ఎండలు కాసి మట్టి ముద్ద కిందపడగానే నాలుగు ముక్కలుగా విచ్చుకున్నాకే తవ్వాం. అదే వీధి, అదే మట్టి, మాది పార దింపితే పొడిపొడిగా లేచింది. పిసికితే ముద్దే కాకుండా రాలిపోతుంటే మరీ ఆరిపోయినట్టు, అప్పుడు ఒక తడి పెట్టి రెండ్రోజులాగాలి.

ఆగమన్నాను గదా అని ఖాళీగా కూర్చోనక్కర్లేదు. పైపని చాలా ఉంటుంది, ఒక చెక్క పలక వేసుకుని దాని మీద నుంచుని చేస్కోండి. వానల్లో వేసిన గోంగూర ఈపాటికి కాడ ముదిరి పూతకొచ్చి ఉంటుంది, తీసేయండి. బెండ, వంగ, టమాటా పీకినప్పుడు వేళ్ళు చూడండి, బుడిపెలు బుడిపెలుగా ఉంటే అది వేళ్ళకి పట్టే నులిపురుగుల పని, ఆ వేళ్ళు కంపోస్టులో వేయొద్దు, ఆ చోట బంతి వేయండి, బంతి వేళ్ళు వాటిని తగ్గిస్తాయి. చిక్కుడు, అలసంద జాతివైతే పీకొద్దు, నేలమట్టంగా కోసి వేళ్ళు మట్టిలోనే వదిలేయండి, ఆ వేరుబుడిపెల్లో నత్రజని ఉంటుంది. వయ్యారిభామ కలుపుని పూత రాకముందే చేతికి కవర్ తొడుక్కుని పీకండి, దురదలొస్తాయి. తుంగ ఒక్కటే మొండిది, పైన కోస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ లేస్తుంది, కింద గడ్డ తీయాల్సిందే, అది కూడా పదునులోనే గడ్డతో సహా వస్తుంది, తడిలో లాగితే తెగి లోపలే ఉండిపోతుంది. మందు కొట్టేస్తే పోద్ది గదా అంటారు, ఆకుకూరలు వేసే మడిలో అది వద్దండి.

ఎండిన ఆకుల్ని మాత్రం తగలబెట్టకండి. కార్తీకంలో మా వీధిలో పొద్దున్నే ఎవరో ఒకరు కుప్ప పోసి నిప్పు పెడతారు, మంచులో ఆ పొగ పైకి పోదు, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళు కిటికీలు మూసుకుని కూర్చోవాలి. అదే ఆకుని కొత్త మొక్కల మొదట్లో పరిస్తే తేమ నిలుస్తుంది, నెర్రెలు తగ్గుతాయి.

ఇక మీరడిగిన ఎరువు. బాగా చివికిన గొడ్ల ఎరువు, చదరపు మీటరుకి రెండు మూడు కిలోలు, దాంతో పాటు గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వేయొద్దు, వేరుపురుగు, చెదలు వస్తాయి. రంగురంగుల ప్యాకెట్లు అసలు అక్కర్లేదు. రేగడి వదులవ్వాలని నాలుగు బొచ్చెల ఇసుక కలపమని వీడియోల్లో చెప్తుంటారు, ఆ కాస్త ఇసుకతో ఏమీ కాదు, మట్టిని మార్చేది ఎరువే. మడి మాత్రం చుట్టూ నేలకంటే జానెడు ఎత్తు చేయండి, ఎందుకంటే మనకి వానలు దసరాతో అయిపోవు, ఈశాన్య రుతుపవనాలు డిసెంబర్ దాకా ఉంటాయి. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. ఆ వానకి మా బంధువులింట్లో పల్లపు మడిలో మెంతికూర కుళ్ళిపోయింది, మాది ఎత్తు మడి కాబట్టి నీళ్ళు కాలవలోకి దిగిపోయాయి.

నాటడానికి ఇదే మంచి కాలం. మెంతులు, పాలకూర, ముల్లంగి నేరుగా చల్లేయొచ్చు, ధనియాలు చెప్పు కింద నలిపి రెండు బద్దలు చేసి చల్లండి, ఎండాకాలంలో సతాయించే కొత్తిమీర ఇప్పుడు హాయిగా వస్తుంది. బంతి నారు నవంబర్ మొదట్లో నాటి, మొక్క నిలదొక్కుకున్నాక తల తుంచితే కొమ్మలు వేస్తుంది, సంక్రాంతికి గొబ్బెమ్మల మీదికి ఇంటి పూలే అందుతాయి.

చామంతి దగ్గర జనం మోసపోతున్నారు. కడియం నర్సరీల నుంచి వ్యాన్లలో వచ్చే మొక్కల్లో నిండా పూసినవే ఏరుకుంటారు, తెచ్చి మడిలో పెడతారు, ఉన్న పూలు వాడాక ఇంకేం ఉండదు, "మా చేతికి మొక్క బతకదు" అనుకుంటారు. మొగ్గలు గట్టిగా ఉన్నవి తీసుకోండి. ఇంకోటి, చామంతికి పొడుగు రాత్రి కావాలి, చీకటి ఉంటేనే మొగ్గ కడుతుంది. మా వీధి మలుపులో పెద్ద ఎల్ఈడీ లైటు పెట్టిన ఏడాది ఆ వెలుగు పడిన వరస అంతా ఆకులే, గోడ చాటున ఉన్న వరస మాత్రం విరగబూసింది. లైటు మూతి కాస్త కిందికి వంచమని అడిగితే ఎవరూ పట్టించుకోలేదు, అందుకే ఇప్పుడు చామంతులన్నీ గోడ చాటునే పెడుతున్నాం, వెలుగు పడే వైపు పాలకూర, మెంతికూర వేస్తున్నాం. మీ మడి మీద రాత్రిపూట ఏ లైటు పడుతుందో చూసుకుని వరసలు వేసుకోండి.